ఇంటి బిల్లుకు కాపలా ఉంది, కాలనీకి లేదు

అడిగిన ప్రశ్న ఇది: "అనంతపురం శివారు పంచాయతీలో మా అమ్మ పేరు మీద సెంటున్నర స్థలం, ఇల్లు మంజూరయ్యాయి. బేస్‌మెంట్ బిల్లు పడింది. అప్పు చేసి రూఫ్ లెవల్ దాకా గోడలు లేపాం. నాలుగు నెలలైంది, తర్వాతి బిల్లు లేదు. సచివాలయంలో అడిగితే హౌసింగ్ వాళ్లను అడగమంటారు. హౌసింగ్ వాళ్లు పైనుంచి రావాలంటారు. టౌన్ పథకం కదా అని కార్పొరేషన్ ఆఫీసుకు పోతే మాది కాదు పొమ్మన్నారు. అసలు ఈ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? లెక్క ఎవరు చూస్తారు? కాలనీకి రోడ్డు, నీళ్లు ఎవర్ని అడగాలి?"

అమ్మా, ఆ మూడు ఆఫీసుల వాళ్లూ మీకు అబద్ధం చెప్పలేదు. మీ తంటా అంతా అక్కడే ఉంది. ఒకరు అబద్ధం చెప్పుంటే పట్టుకుని నిలదీయొచ్చు. ముగ్గురూ నిజమే చెప్పి పంపిస్తే ఎవర్ని పట్టుకుంటారు?

నేను హౌసింగ్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి, డీఈగా, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరయ్యాను. అనంతపురం, గుత్తి, ధర్మవరం, కొన్నాళ్లు ఆదోని వైపు పనిచేశాను. చేరిన కొత్తలో ఎం-బుక్కు, అంటే కొలతలు రాసే పుస్తకం, చంకలో పెట్టుకుని మోపెడ్ మీద పల్లెలు తిరిగేవాణ్ని. దిగిపోయేనాటికి ఎం-బుక్కు స్థానంలో సెల్‌ఫోన్ వచ్చింది. రెండు కాలాల మంచీ చూశాను, రెండు కాలాల మాయలూ చూశాను.

ముందు కార్పొరేషన్ వాళ్లు ఎందుకు పొమ్మన్నారో చెప్తాను. మీకు మంజూరైన ఇల్లు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగంలో బీఎల్‌సీ అనే పద్ధతి కింద వచ్చినట్టుంది. స్థలం లబ్ధిదారుది, కట్టుకునేది లబ్ధిదారు, సర్కారు సాయం చేస్తుంది, అంతే. మీది పంచాయతీ కదా, పట్టణ పథకం ఎట్లా వచ్చిందంటారా? మీ ఊరు అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, మనం అహుడా అనేది, దాని పరిధిలో ఉంది. ఇలాంటి పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో ఉన్న పల్లెలను మన రాష్ట్రంలో అర్బన్ పద్దులో పెట్టారు. అర్బన్‌లో కేంద్రం ఇంటికి 1.50 లక్షలిస్తుంది. గ్రామీణ ఆవాస్‌లో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలే, అందులోనూ 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. అందుకని రాష్ట్రానికి అర్బన్‌లో పెట్టడమే లాభం. కాగితం మీద మీరు టౌన్, నేల మీద పల్లె. కార్పొరేషన్ మీకు ఏమీ కాదు. అహుడా కూడా లేఅవుట్లూ ప్లాన్లూ చూసుకునే సంస్థే, మీ బిల్లు దాని చేతిలో లేదు.

మీ బిల్లు ఉండేది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ చేతిలో. 1979లో పెట్టిన సర్కారు కంపెనీ అది. జనం 'హౌసింగ్ ఆఫీసు' అంటారు. జిల్లాలో దానికి ప్రాజెక్ట్ డైరెక్టర్ అనే పీడీ, ఆయన కింద ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు అనే ఈఈ, డీఈ, మండలానికి ఏఈ, ఏఈ కింద వర్క్ ఇన్‌స్పెక్టర్లు. 2019 అక్టోబర్ 2న సచివాలయాలు వచ్చాక ఊళ్లో ఇంజినీరింగ్ అసిస్టెంటు తోడయ్యాడు. ఆ అబ్బాయి జీతం, హాజరు ఒకచోట, పని ఇంకోచోట. రోడ్డు పనికి పంచాయతీరాజ్ వాళ్లు పిలుస్తారు, ఇంటి ఫోటోకు హౌసింగ్ వాళ్లు పిలుస్తారు. 'హౌసింగ్ వాళ్లను అడగండి' అన్నాడంటే కసిరి పంపలేదమ్మా, నిజంగానే బిల్లు పాస్ చేసే బటన్ అతని దగ్గర లేదు. అతని దగ్గర ఉండేది ఫోటో తీసే పని. ఆ ఫోటో దగ్గరికి కాసేపట్లో వస్తాను, అదే అన్నిటికీ మూలం.

ఇప్పుడు 'పైనుంచి రావాలి' అన్న మాట. మా వైపు ముసలమ్మలు అడిగేవాళ్లు, "ఏమప్పా, పైనుంచి పైనుంచి అంటావు, దుడ్లు ఏమన్నా వానా, పైనుంచి పడేదానికి?" అని. నవ్వొచ్చేది గానీ జవాబు చెప్పలేకపోయేవాణ్ని. ఇప్పుడు తీరికగా చెప్తాను.

మీ ఇంటికి మంజూరు మీ ఇంటికే విడిగా రాదు. కొన్ని వందల, వేల ఇళ్లను కలిపి ఒక డీపీఆర్ అంటారు, ఒక మూట అనుకోండి. ఆ మూట రాష్ట్ర కమిటీ చూసి ఢిల్లీకి పంపుతుంది, అక్కడి కేంద్ర కమిటీ ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక కేంద్రం వాటా ఒకేసారి రాదు. మొదట 40 శాతం, తర్వాత 40, చివర 20. రెండో విడత కావాలంటే ముందు ఇచ్చిన దాంట్లో కనీసం 70 శాతం ఖర్చయినట్టు రాష్ట్రం యూసీ పంపాలి. వినియోగ ధ్రువపత్రం అది, ఆర్థిక నియమావళిలో 12-సి ఫారం. కిటుకు ఇక్కడుంది. ఖర్చు లెక్క మీ ఒక్క ఇంటిది కాదు, మూట మొత్తానిది. మీరు అప్పు చేసి రూఫ్ దాకా లేపారు, సంతోషం. మీ మూటలోని మిగతా వాళ్లు కొందరు పునాది తవ్వి వదిలేశారు, కొందరు అసలు కొబ్బరికాయే కొట్టలేదు, కొందరు బెంగళూరుకు కూలికి పోయారు. మూట కదలకపోతే యూసీ కదలదు, యూసీ కదలకపోతే రెండో 40 కదలదు. కట్టుకున్నవాళ్లు కట్టుకోనివాళ్ల కోసం కాచుకోవాల్సి వస్తుంది. ఇది అన్యాయమే అంటాను నేను. కానీ ఈ షరతు లేని కాలం కూడా చూశాను. అప్పుడు డబ్బు జిల్లాకు వచ్చి పీడీ ఖాతాలో మూలిగేది, ఒక పథకం డబ్బు ఇంకో పథకానికి 'సర్దుబాటు' అయ్యేది. ఇప్పుడు ఆ సర్దుబాటు కష్టం. 2021 జులై నుంచి కేంద్ర పథకానికి రాష్ట్రంలో ఒకే నోడల్ ఖాతా ఉండాలన్నారు, ఖర్చు పీఎఫ్‌ఎంఎస్‌లో, అంటే కేంద్రం తన డబ్బు కదలిక చూసుకునే ఆన్‌లైన్ వ్యవస్థలో, కనపడాలన్నారు. జిల్లాలో ఎవరి చేతిలోనూ మీ డబ్బు ఉండదు. అందుకే జిల్లా ఆఫీసులో ఎవరి మీద అరిచినా డబ్బు రాదు.

ఇక ఫోటో.

మీ ఇంటికి దశలుంటాయి. మా వాళ్ల భాషలో బీబీఎల్, అంటే బేస్‌మెంట్ కంటే కింద ఉన్నది. తర్వాత బీఎల్, బేస్‌మెంట్ అయింది. తర్వాత ఆర్ఎల్, రూఫ్ లెవల్. తర్వాత ఆర్‌సీ, స్లాబు పోసింది. ఆ తర్వాత పూర్తి. మీ బిల్లు ఏ దశకు పడుతుందో ఆ దశ ఫోటో యాప్‌లోకి ఎక్కాలి. ఆ రోజు ఎట్లుంటుందో చెప్తాను, మీకూ గుర్తొస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ అబ్బాయి బండి దిగుతాడు. పొద్దున్నుంచీ ఇరవై ఇళ్లు తిరిగుంటాడు, ఫోన్‌లో చార్జి పన్నెండు శాతం. మీ అమ్మగారిని గోడ ముందు నిలబెడతాడు. ఫోన్ పైకెత్తి జీపీఎస్ కోసం ఆగుతాడు. స్క్రీన్ మీద అంకె 40 మీటర్లు చూపిస్తుంది, 22కు దిగుతుంది, మళ్లీ 31కి ఎక్కుతుంది. "అవ్వా, కదలొద్దు." అవ్వ ఎండకు కళ్లు చికిలించి కొంగు సర్దుకుంటుంది. నెట్ రాదు. "ఫోన్‌లో సేవ్ అయ్యింది, సచివాలయానికి పోయి ఎక్కిస్తా" అని పోతాడు. సాయంత్రం ఎక్కించినవాటిలో రెండు ఎర్రర్ వస్తాయి. ఆ రెండిట్లో మీది ఉందా లేదా? ఈ ఒక్క విషయం తెలియక నాలుగు నెలలు తిరిగినవాళ్లను వందలమందిని చూశాను.

కేంద్రం వైపు ఈ ఫోటోలు ఇస్రో వాళ్ల భువన్ మ్యాపు మీదకి పోతాయి. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న రిమోట్ సెన్సింగ్ సెంటరు తయారు చేసింది అది. మీ ఇంటి చుక్క మ్యాపు మీద ఎక్కడుందో ఢిల్లీలో కూర్చున్నవాడికి కనపడుతుంది. పక్కవీధిలో నిలబడి మీ ఫోటో తీస్తే చుక్క పక్కవీధిలో పడుతుంది. అప్పుడు మీ ఇల్లు కళ్లెదుట ఉన్నా కాగితంలో లేనట్టే.

కాబట్టి మీ బిల్లు ఎక్కడ ఆగిందో మీరే వెతకాలి, పైనుంచి కాదు, కిందినుంచి. మొదట సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటును కూర్చోబెట్టి, లాగిన్‌లో మీ అమ్మగారి లబ్ధిదారు ఐడీ కొట్టి, ఆర్ఎల్ దశ నమోదైన తేదీ చూపించమనండి. 'చేసేశాం' అన్న మాట కాదు, తేదీ కావాలి. తేదీ లేదంటే సమస్య అక్కడే ఉంది, ఇంకెక్కడికీ పోవద్దు, మళ్లీ ఫోటో తీయించుకోండి. తేదీ ఉంటే మండల ఏఈ దగ్గరికి పోండి, ఏఈ, డీఈ లాగిన్‌లలో అది పాసైందా అడగండి. పాసై, 'బిల్లు జనరేట్ అయ్యింది, పేమెంట్ రాలేదు' అంటే అప్పుడు నిజంగానే పైనుంచి రావాలి, ఏఈ నిజమే చెప్తున్నాడు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. బిల్లు పడిపోయి ఉంటుంది, మీకు తెలియదు. ఆధార్ ఆధారంగా వేసిన డబ్బు మీరు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చిన ఖాతాలో పడాలని లేదు. ఆధార్‌కు ఎన్‌పీసీఐలో, అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ లెక్కలో, చివరగా ఏ బ్యాంకు లింకై ఉందో అందులో పడుతుంది. మీ అమ్మగారు పొదుపు సంఘం కోసమో, గ్యాసు సబ్సిడీ కోసమో ఎప్పుడో ఇంకో ఖాతా తెరిచి వేలిముద్ర వేసి ఉంటే లింకు అక్కడికి మారిపోయుంటుంది. గుత్తి దగ్గర ఒకామె ఏడాదిగా బిల్లు రాలేదని నన్ను తిట్టని తిట్టు లేదు. చూస్తే డబ్బంతా ఆమె మరిచిపోయిన ఖాతాలో భద్రంగా ఉంది. ఆధార్ సైటులో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఓటీపీకి ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు పనిచేస్తుండాలి, అంతే.

పడిన బిల్లు తక్కువగా ఉందని గొడవపడేవాళ్లూ ఉంటారు. గోడౌన్‌లో తెచ్చుకున్న సిమెంటు, ఇనుము విలువ బిల్లులోంచి కోసుకుంటారు. మీ పేరు మీద ఎన్ని బస్తాలు రాశారో ఆన్‌లైన్‌లో ఉంటుంది, మీరు తెచ్చుకున్నవి ఎన్నో మీకు తెలుసు. రెండూ సరిపోకపోతే అది చిన్న తేడా అనుకోవద్దు, వెంటనే రాతపూర్వకంగా ఇవ్వండి. మాటతో చెప్తే గాలికి పోతుంది.

యూనిట్ ధర 1.80 లక్షలన్నారు కదా, 1.50 పోగా ఆ 30 వేలు వేరే గొట్టంలోంచి వస్తాయి. ఉపాధి హామీ పద్దు అది, అందులో ముఖ్యమైంది మీ ఇంటికి మీరే చేసుకున్న పనికి 90 రోజుల కూలి. దానికి జాబ్ కార్డు ఉండాలి, ఇంటి ఐడీకి జాబ్ కార్డు ముడిపడాలి, మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, పడాలి. ఇది హౌసింగ్ చేతిలో లేదు, ఎంపీడీవో ఆఫీసులో ఉపాధి హామీ చూసే ఏపీవో దగ్గర ఉంటుంది. హౌసింగ్ బిల్లులన్నీ పడి ఈ కూలి మాత్రం రాని ఇళ్లు మన జిల్లాలో ఊరికి పది దొరుకుతాయి. ఎవరూ ఎగ్గొట్టలేదు, ఎవరూ అడగలేదు. ఇంకొకటి: 2025 మార్చిలో, సగంలో ఆగిన ఇళ్లకు ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష. మీ కులం నమోదు ఆ లాగిన్‌లో సరిగ్గా ఉందో లేదో ఆ పోయిన పనిలోనే చూసుకోండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, లెక్క ఎవరు చూస్తారని.

చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఏఈ రాసింది డీఈ తనిఖీ చేయాలి. పథకం మార్గదర్శకాల్లో మూడో పక్షం నాణ్యత తనిఖీ ఉంది, సోషల్ ఆడిట్ ఉంది. సంస్థ సర్కారు కంపెనీ కాబట్టి కాగ్, అంటే సర్కారు లెక్కలు తనిఖీ చేసే ఆడిట్ సంస్థ, చూస్తుంది. పార్లమెంటు సభ్యుడి అధ్యక్షతన దిశ కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని కేంద్ర పథకాలన్నీ సమీక్షించాలి. దిశ మీటింగులకు నేనూ ఫైళ్లు మోసుకుపోయాను. వెనక వరుసలో కూర్చుని మా పీడీ చదివే అంకెలకు చీటీలు అందించేవాణ్ని. మంజూరైనవి ఇన్ని, గ్రౌండైనవి, అంటే పని మొదలైనవి, ఇన్ని, పూర్తైనవి ఇన్ని. ఇల్లు పూర్తయ్యాక అందులో ఎవరైనా కాపురముంటున్నారా అన్న ప్రశ్న నేనున్న మీటింగుల్లో ఒక్కసారి వచ్చింది. అడిగింది ఒక ఎంపీపీ. జవాబు 'వచ్చే మీటింగులో నివేదిస్తాం' అని.

నా లెక్కలో వీటన్నిటిలో పనిచేసేవి రెండే. డీఈ స్వయంగా గోడ ముట్టుకుని చేసే తనిఖీ ఒకటి, ఊరి నడిమధ్యలో పేర్లు చదివే సోషల్ ఆడిట్ ఒకటి.

మొదటిదానికి నా సొంత తప్పే ఉదాహరణ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక ఊళ్లో అన్నదమ్ములిద్దరికి రెండు ఇళ్లు మంజూరు. పొద్దుపోయి చేరాను. పక్కపక్కనే రెండిళ్లు, మధ్యలో ఒకటే గోడ, రెంటికీ తాజాగా సున్నం. టేపు పట్టాను, ఎం-బుక్కులో రెండూ ఎక్కించాను, టీ తాగి వచ్చేశాను. పదిరోజులకు మా డీఈ తనిఖీకి వచ్చాడు, నేనూ వెంట ఉన్నాను. ఆయన మొదటి ఇంట్లో ఏమీ అనలేదు. రెండో ఇంటి గోడ దగ్గర ఆగి, జేబులోంచి బండి తాళంచెవి తీసి రాళ్ల సందులో గీకాడు. పొడి మట్టి జలజల రాలింది. సిమెంటు కాదు. వాళ్ల నాయన కట్టుకున్న పాత ఇల్లది, ముందు వాకిలి మార్చి సున్నం కొట్టారు. డీఈ నా మొహం చూశాడు, ఆ చూపు ఇప్పటికీ గుర్తే. తమ్ముడి దగ్గర డబ్బు వసూలు చేశారు, నాకు మెమో వచ్చింది. మెమో రావడం న్యాయమే.

ఇప్పటి ఫోటోకు ఆ తాళంచెవి లేదు. ఇల్లు అక్కడుందని ఫోటో గట్టిగా చెప్తుంది. ఒకే ఇంటికి రెండు బిల్లులు లేపే పాత మాయ దీంతో చాలావరకు పోయింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పునాది ఎంత లోతు తవ్వారో ఫోటో చెప్పదు. అనంతపురం చుట్టూ ఎర్రనేల, గట్టిది, మూడడుగులకే రాయి తగులుతుంది. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడిలో అదే లోతుతో కడితే ఎండాకాలం నేల బీటలిచ్చి గోడా బీటలిస్తుంది. రెండు ఇళ్లకూ బీఎల్ ఫోటో ఒకేలా ఉంటుంది, ఒకే బిల్లు పడుతుంది.

సోషల్ ఆడిట్ గురించి మన జిల్లావాళ్లం కొంచెం గొప్పగానే చెప్పుకోవచ్చు. ఉపాధి హామీ దేశానికంతా మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, మన నార్పల మండలం బండ్లపల్లిలో. అదే ఏడాది జిల్లాలో ఊరూరా తిరిగి మస్టర్లు చదివి, 'ఈ పని నువ్వు చేశావా, ఈ కూలి నీకు ముట్టిందా' అని కూలీలను అడిగారు. చనిపోయినవాళ్లు మస్టర్లో మన్ను మోసినట్టు తేలితే సభలో నవ్వులు, ఆ తర్వాత కేకలు. ఒక ఇంజినీరుకు కాగ్ రాసే ఆడిట్ పేరా అంటే భయం ఉండదు. అది రెండేళ్లకు వస్తుంది, జవాబు రాసేది ఆ సీట్లో ఉన్న వేరేవాడు. రచ్చబండ దగ్గర ఒక ముసలామె లేచి నీ పేరు పెట్టి పిలిస్తే మాత్రం కాళ్లు వణుకుతాయి. మీ ఊళ్లో ఇళ్ల మీద అలాంటి సభ జరిగిందా? జరగకపోతే గ్రామసభలో లబ్ధిదారుల జాబితా చదివి వినిపించమని అడగండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక మూడోది, రోడ్డూ నీళ్లూ. నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే, పైదంతా దీనికి దారి.

మీ ఇంటి డబ్బుకు ఇంత కాపలా ఉంది చూశారా? ఐడీ ఉంది, ఫోటో ఉంది, మ్యాపు మీద చుక్క ఉంది, యూసీ ఉంది. మీ కాలనీకి ఐడీ లేదు. 'ఫలానా కాలనీకి ఇంత డబ్బు' అని ఎక్కడా ఒక పద్దు కనపడదు. లేఅవుట్ చదును చేసింది ఒక పద్దులో. లోపలి సిమెంటు రోడ్డు ఉపాధి హామీ మెటీరియల్ పద్దులో రావాలి, పని పంచాయతీరాజ్ ఇంజినీర్లది. తాగునీళ్లు జలజీవన్ మిషన్‌లోనో ఆర్థిక సంఘం నిధుల్లోనో రావాలి, పని ఆర్‌డబ్ల్యూఎస్‌ది, అంటే గ్రామీణ నీటి సరఫరా విభాగానిది. కరెంటు స్తంభాలు ఎస్పీడీసీఎల్‌వి. మురుగు కాలువ పంచాయతీది. ఒక్కోటి ఒక్కో మీటింగులో సమీక్ష. ఎవరి అంకెలు వాళ్లవి బాగానే ఉంటాయి. అన్నీ కలిపి ఒక్క కాలనీలో నిలబడి చూసేవాడు మాత్రం లేడు. ఇళ్లకు మౌలిక వసతులు ఉండేలా చూడాలని పథకం మార్గదర్శకాల్లో రాసుంది, అన్ని పథకాలనూ కలిపి తేవాలని. దాన్ని కన్వర్జెన్స్ అంటారు. నా సర్వీసులో ఆ మాట ఎక్కడ కనపడినా నాకు అర్థమయ్యేది ఒకటే, ఈ పని ఎవరిదీ కాదని.

ఆ పద్దుల్లోనూ కిటుకులున్నాయి. ఉపాధి హామీలో కూలి 60, మెటీరియల్ 40. అంటే మన జిల్లాలో కూలిపనులు ఎంత జరిగితే దానికి తగ్గ నిష్పత్తిలోనే సిమెంటు రోడ్ల డబ్బు పుడుతుంది. ఎవరో ఇంకో ఊళ్లో ఎండలో గుంత తవ్వితేనే మీ వీధికి రోడ్డు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో, 2021-26 మధ్య, 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసి ఉండేది, మిగతా 40 పంచాయతీ ఇష్టం, జీతాలకు మాత్రం వాడకూడదు. పంచాయతీ ఏ పనికి ఎంత పెట్టిందో ఈ-గ్రామస్వరాజ్ సైటులో ఊరి పేరు కొడితే వస్తుంది. సర్పంచి మనసులో మీ కాలనీ ఇంకా ఊరు కాదు, ఊరి బయట ఉన్న ఇళ్లు. ఏటా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాస్తారు, అందులో మీ కాలనీ పైపులైను ఎక్కితే డబ్బుకు దారి ఉంటుంది, ఎక్కకపోతే కలెక్టర్ చెప్పినా 'ప్రణాళికలో లేదు సార్' అంటారు. ఆ గ్రామసభకు మీ కాలనీ నుంచి పదిమంది ఆడవాళ్లు పోయి మినిట్స్‌లో పనిపేరు రాయించండి. ఎస్సీ కాలనీ అయితే 2013 ఉప ప్రణాళిక చట్టం కింద సాంఘిక సంక్షేమ శాఖకు విడిగా అడిగే దారి కూడా ఉంది.

ఇది మన శివారు కాలనీల జబ్బే కాదు. కర్నూలు జగన్నాథగట్టు మీద టిడ్కో, అంటే పట్టణాల్లో ఇళ్లు కట్టే సర్కారు సంస్థ, కట్టిన అపార్ట్‌మెంట్లు మీరు హైవే మీద పోతూ చూసుంటారు. గ్రౌండ్ ఫ్లోరు మీద మూడంతస్తులు, వరసలు వరసలుగా 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు. అవి సొంతంగా కట్టుకునే పద్ధతి కాదు, సంస్థే కట్టి ఇచ్చేది, కొన్నిటికి బ్యాంకు రుణం. గోడలు షియర్ వాల్, అంటే ఇటుక లేకుండా కాంక్రీటుతో పోసినవి, గట్టి కట్టడం, ఇంజినీరుగా నాకు వంక పెట్టేందుకు లేదు. కానీ గుట్ట మీద ఇల్లంటే నీళ్లు ఎక్కాలి, మురుగు దిగాలి, పొద్దున ఆరింటికి కూలికి పోయే మనిషికి బస్సు ఉండాలి. టిడ్కో ఇళ్లలో రాష్ట్రమంతా వినపడ్డ గోడు ఇదే, బిల్డింగు అయిపోయింది, వసతులు కాలేదని. కొన్నిచోట్ల ఇల్లు చేతికి రాకముందే కంతు కట్టమని నోటీసులొచ్చాయి. బిల్డింగును చూసే పద్దు వేరు, నీళ్లను చూసే పద్దు వేరు అయినప్పుడు ఇట్లాగే ఉంటుంది, అది ఒక్క పార్టీ ప్రభుత్వంలో జరిగింది కాదు.

మీరిప్పుడు ఏం చేయాలంటే, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది కదా, అక్కడికి అన్నీ కలిపి ఒక్క అర్జీ తీసుకుపోవద్దు. అన్నీ రాస్తే దాన్ని ఒక్క శాఖకు పంపుతారు, ఆ శాఖ 'మా పరిధిలో లేదు' అని రాసి మూసేస్తుంది, మీ ఫోన్‌కు 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. బిల్లుకు ఒక అర్జీ, హౌసింగ్ పీడీ పేరిట. 90 రోజుల కూలికి ఒకటి, జిల్లాలో ఉపాధి హామీ చూసే సంస్థ డ్వామా పీడీ పేరిట. నీళ్లకు ఒకటి, ఆర్‌డబ్ల్యూఎస్ సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్ఈ) పేరిట. కరెంటుకు ఒకటి. మూడు వాక్యాలు చాలు. 'నా లబ్ధిదారు ఐడీ ఇది, ఆర్ఎల్ దశ ఫలానా తేదీన నమోదైంది, బిల్లు ఏ లాగిన్‌లో ఏ తేదీ నుంచి ఆగి ఉందో తెలపండి' అని రాయండి. 'న్యాయం చేయండి' అని రాస్తే వాళ్లకు ఏ బటన్ నొక్కాలో తెలియదు.

దానికీ జవాబు రాకపోతే సమాచార హక్కు. పల్లె స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబమైతే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. 'బిల్లు ఎందుకు ఆగింది' అని అడగొద్దు, ఎందుకు అన్నదానికి వాళ్లు జవాబు చెప్పరు. మీ ఇల్లు ఉన్న డీపీఆర్ నంబరు, అందులో మంజూరైన ఇళ్లెన్ని, ఆర్ఎల్ దశ దాటినవెన్ని, చివరి యూసీ పంపిన తేదీ, దాని నకలు, ఇవి అడగండి. ఆ కాగితం చేతికొస్తే మీ ఆలస్యం సచివాలయంలో ఉందా, మీ మూటలో ఉందా, ఇంకా పైన ఉందా మీకే తెలిసిపోతుంది. ధర్మవరం, హిందూపురం వైపు ఎవరైనా ఇది చదువుతుంటే మీ ఫైళ్లు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పుట్టపర్తికి పోయాయి, అనంతపురంలో అర్జీ ఇచ్చి నెల పోగొట్టుకోవద్దు.

చివరగా ఇంజినీరుగా ఒకటి. రూఫ్ లెవల్‌లో ఆగిన గోడ పైభాగం తెరిచి ఉంటుంది. వాన నీళ్లు ఇటుకల మధ్యకు దిగితే రేపు స్లాబు పోసే ముందు పైన రెండు వరసలు పీకి మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఒక బస్తా సిమెంటు కలిపి గోడ తలల మీద మందంగా పూత వేయించండి. బయటికి పొడుచుకున్న కమ్ములుంటే వాటికి సిమెంటు పాలు పూసి, పాత సంచి చుట్టి కట్టండి. ఈ ఖర్చుకు బిల్లు రాదు.